పేరు అదే, పనిముట్టు కొత్తది: డీఎన్‌ఎస్ సర్వర్ అప్‌గ్రేడ్‌లో ఏమేం మారతాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ యూనియన్ సహకారంతో మొదలైన ఆ కర్మాగారం భారతీయ రైల్వేకు పట్టాలు అందిస్తూ వస్తోంది. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఈ ఊళ్లో 'క్యాపిటల్ రిపేర్' అనే మాట తెలియనివారు తక్కువ. బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. ఏళ్ల తరబడి అది మండుతూనే ఉండాలి. లోపలి ఇటుకల పొర అరిగిపోయినప్పుడు మాత్రం ఒక ఫర్నేస్‌ను ఆపి, మిగతావాటితో పని నడిపిస్తూ, నెలల తరబడి దాన్ని బాగుచేస్తారు. ఏది ముందు ఆపాలి, ఏది ఎప్పుడు మళ్లీ వెలిగించాలి అన్న ప్రణాళిక అంతా ముందే సిద్ధమవుతుంది.

ఇంటర్నెట్‌లోనూ ఇలా ఎప్పుడూ ఆగకూడని యంత్రాంగం ఒకటుంది. అదే డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డీఎన్‌ఎస్. కాలేజీ వెబ్‌సైట్ తెరిచినా, ఆసుపత్రికి ఈమెయిల్ పంపినా, రైలు టికెట్ బుక్ చేసినా ముందుగా పనిచేసేది ఇదే. దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు కూడా క్యాపిటల్ రిపేర్ వంటిది తప్పదు. పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు లోపల ఏమేం మారతాయి? ఎక్కడ పొరపాటు జరిగే వీలుంది? ప్రమాదం ఉందని తెలిసి కూడా అప్‌గ్రేడ్ చేయడం ఎందుకు తప్పదు?

సెక్టార్, స్ట్రీట్, క్వార్టర్

భిలాయ్ టౌన్‌షిప్‌లో ఇంటి చిరునామా ఒక వరుసలో ఉంటుంది: క్వార్టర్ నంబరు, స్ట్రీట్ నంబరు, సెక్టార్, ఆపైన ఊరు. ఉత్తరం తెచ్చే మనిషి దీన్ని వెనుక నుంచి చదువుకుంటూ వస్తాడు. ముందు ఊరు, తరువాత సెక్టార్, తరువాత స్ట్రీట్, చివరికి క్వార్టర్. దేశంలోని ఇళ్లన్నింటి జాబితా ఆయన దగ్గర ఉండనక్కర్లేదు. ప్రతి మెట్టులోనూ తరువాతి మెట్టు ఎక్కడుందో తెలిస్తే సరిపోతుంది.

డీఎన్‌ఎస్ పేర్లను కూడా ఇలాగే కుడి నుంచి ఎడమకు చదువుతారు. భిలాయ్‌లో 2016లో మొదలైన ఐఐటీ డొమైన్ పేరు 'ఐఐటీభిలాయ్ డాట్ ఏసీ డాట్ ఇన్'. ఇందులో చివరనున్న 'ఇన్' మన దేశాన్ని సూచిస్తుంది. ఆ రిజిస్ట్రీ బాధ్యత నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియాది, అంటే నిక్సీది. 'ఏసీ' అంటే విద్యాసంస్థ. ఆ పేర్లను ఎర్నెట్ ఇండియా కేటాయిస్తుంది. మిగిలిన మొదటి భాగం సంస్థ సొంత పేరు. దాని కింద ఏ సర్వర్ ఎక్కడుంది, ఈమెయిల్ ఎటు వెళ్లాలి అన్న వివరాలను ఆ సంస్థ తరఫున నడిచే డీఎన్‌ఎస్ సర్వర్లు చెబుతాయి.

ఈ ఏర్పాటు 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించినది. అంతకుముందు నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నింటి పేర్లూ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని ఒక కేంద్రం దాన్ని సవరిస్తుంటే, మిగతావారు ఎప్పటికప్పుడు దించుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ పద్ధతి చాల్లేదు. అప్పుడు ఎవరి పేర్ల బాధ్యత వారిదే అనే కొత్త పద్ధతి వచ్చింది. 1984లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు దీనికోసం 'బైండ్' అనే ప్రోగ్రామ్ రాశారు. దాని వారసుడైన బైండ్ 9 విడుదలైంది 2000లో. ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్న డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లలో అదొకటి. నెదర్లాండ్స్‌లో పుట్టిన పవర్‌డీఎన్‌ఎస్ మరొకటి.

సర్వర్‌లోని మూడు పొరలు

అప్‌గ్రేడ్‌లో మార్పులు అర్థం కావాలంటే డీఎన్‌ఎస్ సర్వర్‌ను మూడు పొరలుగా చూడాలి.

అడుగున ఉండేది సమాచారం. ఏ పేరుకు ఏ ఐపీ అడ్రస్ అన్న రికార్డుల సముదాయాన్ని 'జోన్' అంటారు. మధ్యలో ఉండేది ఇంజిన్. బయటి నుంచి ప్రశ్న రాగానే జోన్‌లో వెతికి జవాబిచ్చే ప్రోగ్రామ్ అది. పైన ఉండేది నిర్వహణ సాఫ్ట్‌వేర్. కొత్త రికార్డు చేర్చడానికి, పాతది తీసేయడానికి సిబ్బంది వాడే తెర, దాని వెనకాల పనిచేసే డేటాబేస్, స్క్రిప్టులు అన్నీ ఈ పొరలోనివే.

అప్‌గ్రేడ్ అనగానే చాలామంది ఇంజిన్ మార్పు గురించే ఆలోచిస్తారు. వేగం పెరిగిందా, కొత్త సదుపాయాలు వచ్చాయా అని చూస్తారు. చిక్కులు మాత్రం ఎక్కువగా వచ్చేది ఒక పొర మారి, రెండోది మారనప్పుడు. ఇంజిన్ కొత్త భాష మాట్లాడుతుంటే, పై పొర పాత భాషలోనే ఆదేశాలు పంపుతుంటుంది.

మాటలు మారతాయి

బైండ్‌నే తీసుకుందాం. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రధాన సర్వర్‌ను 'మాస్టర్' అని, నకలు ఉంచుకునే సర్వర్‌ను 'స్లేవ్' అని రాసేవారు. ఇప్పుడు 'ప్రైమరీ', 'సెకండరీ' అన్న మాటలు వచ్చాయి. ఈ మార్పు వరకు ఇబ్బంది లేదు, పాత మాటలను కూడా ప్రోగ్రామ్ అర్థం చేసుకుంటుంది. కొన్ని మార్పులు అలా కాదు. రికార్డులపై డిజిటల్ సంతకాలను తానే చూసుకునేందుకు ఒకప్పుడు 'ఆటో డీఎన్‌ఎస్‌సెక్' అనే ఆప్షన్ ఉండేది. 2020లో వచ్చిన 9.16 వెర్షన్‌లో దానికి బదులుగా 'డీఎన్‌ఎస్‌సెక్ పాలసీ' అనే కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. 9.18లో పాత ఆప్షన్ గురించి హెచ్చరిక వచ్చేది. 2024 జులైలో వచ్చిన 9.20లో దాన్ని పూర్తిగా తొలగించారు.

తొలగించిన ఆప్షన్ ఫైలులో అలాగే ఉంటే కొత్త వెర్షన్ దాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగదు. తప్పు చూపించి ఆగిపోతుంది. అందుకే కొత్త ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే తనిఖీ సాధనంతో కాన్ఫిగరేషన్ ఫైలును ముందే పరీక్షించాలి. మధ్య వెర్షన్‌లు ఇచ్చిన హెచ్చరికలను చదవడం మరో జాగ్రత్త. ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్ చేయకుండా ఒకేసారి రెండు మూడు మెట్లు దాటినవారికి ఆ హెచ్చరికలు కనిపించే అవకాశమే ఉండదు.

పవర్‌డీఎన్‌ఎస్ విషయంలో మార్పు మరోచోట వస్తుంది. అది రికార్డులను తరచుగా డేటాబేస్ పట్టికల్లో దాస్తుంది. కొత్త వెర్షన్‌లకు కొన్నిసార్లు కొత్త కాలమ్‌లు కావాలి. ఉదాహరణకు 4.7 వెర్షన్‌లో 'కేటలాగ్ జోన్' సదుపాయం కోసం డొమైన్ల పట్టికలో రెండు కాలమ్‌లు కొత్తగా చేరాయి. ప్రోగ్రామ్‌ను మాత్రమే మార్చి పట్టికను మార్చకపోతే, ఇంజిన్ అడిగే కాలమ్ డేటాబేస్‌లో దొరకదు. పట్టికను మార్చేముందు తీసిన బ్యాకప్ లేకపోతే వెనక్కి వెళ్లే దారీ ఉండదు.

ఒక చుక్క కథ

డీఎన్‌ఎస్‌లో పూర్తి పేరు చివర నిజానికి ఒక చుక్క ఉంటుంది. 'పేరు ఇక్కడితో పూర్తయింది' అని దాని అర్థం. జోన్ ఫైలులో ఆ చుక్క లేకపోతే, పేరు సగమే రాశారనుకుని ప్రోగ్రామ్ దాని వెనక డొమైన్ పేరును తగిలిస్తుంది. 'మెయిల్ డాట్ కాలేజీ డాట్ ఇన్' అని చుక్క లేకుండా రాస్తే, అది 'మెయిల్ డాట్ కాలేజీ డాట్ ఇన్ డాట్ కాలేజీ డాట్ ఇన్' అయిపోతుంది. అలాంటి చిరునామా ఎక్కడా ఉండదు.

2009 అక్టోబర్ 12 రాత్రి స్వీడన్‌లో ఇదే జరిగింది. ఆ దేశపు 'ఎస్‌ఈ' డొమైన్‌లో నిర్వహణ పనుల సందర్భంగా ఒక స్క్రిప్టును మార్చారు. కొత్త స్క్రిప్టు రికార్డుల చివర చుక్క పెట్టలేదు. ఆ డొమైన్ కింద అప్పటికి దాదాపు 9 లక్షల పేర్లున్నాయి. దేశం మొత్తం వెబ్‌సైట్లు, ఈమెయిళ్లు దెబ్బతిన్నాయి. తప్పును గంటలోపే సరిదిద్దినా, అప్పటికే తప్పుడు జవాబులను దాచిపెట్టుకున్న సర్వర్లు మరికొంతసేపు వాటినే చెబుతూ పోయాయి. ఆ రాత్రి ఇంజిన్ చెడిపోలేదు. సమాచారాన్ని తయారుచేసి దానికి అందించే పై పొరలో జరిగిన మార్పు వల్ల ఇదంతా వచ్చింది.

ఈ చుక్క విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో అలవాటు. పవర్‌డీఎన్‌ఎస్ డేటాబేస్‌లో పేర్లు చివరి చుక్క లేకుండా ఉంటాయి. అదే సాఫ్ట్‌వేర్‌కు ఏపీఐ ద్వారా పేరు పంపేటప్పుడు మాత్రం చుక్క తప్పనిసరి. పాత స్క్రిప్టు నేరుగా డేటాబేస్‌లో రాస్తూ ఉండి, అప్‌గ్రేడ్ తరువాత ఏపీఐ ద్వారా రాయాల్సి వస్తే, ఈ తేడాను గుర్తుపెట్టుకోవాల్సిందే.

వెనక్కి నడిచిన నంబరు

భిలాయ్‌లోని ఒక కాలేజీ తన డీఎన్‌ఎస్ నిర్వహణను పాత జోన్ ఫైళ్ల నుంచి కొత్త ప్యానెల్‌కు మారుస్తోందని ఊహించుకుందాం. ప్రైమరీ సర్వర్ క్యాంపస్‌లో ఉంది. సెకండరీ మరో ఊళ్లో ఉంది. జోన్‌లో మార్పు జరిగిందో లేదో సెకండరీ తెలుసుకునేది ఒక సీరియల్ నంబరు ద్వారా. ప్రైమరీలోని నంబరు తన దగ్గరున్న దానికంటే పెద్దదైతే కొత్త నకలు తెచ్చుకుంటుంది, లేకపోతే తెచ్చుకోదు.

చేతితో ఫైళ్లు రాసేవారు సాధారణంగా తేదీనే సీరియల్ నంబరుగా వాడతారు. 2025 జూన్ 15న మూడోసారి మార్చితే 2025061503 అని రాస్తారు. అంటే దాదాపు 202 కోట్ల 50 లక్షలు. కొన్ని ప్యానెళ్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్యను సీరియల్‌గా వాడతాయి. అదే రోజున ఆ సంఖ్య దాదాపు 175 కోట్లు. కాలం ముందుకు నడిచినా నంబరు వెనక్కి నడిచింది. సెకండరీకి ఇది పాత జోన్‌లా కనిపిస్తుంది. అది తన నకలును మార్చుకోదు.

ఈ తప్పు వెంటనే బయటపడదు, అదే దీనితో చిక్కు. మొదటి రోజు రెండు సర్వర్లలోనూ ఒకే సమాచారం ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. వారం తరువాత అడ్మిషన్ల వెబ్‌సైట్‌ను కొత్త యంత్రంలోకి మార్చారనుకుందాం. ప్రైమరీని అడిగినవారికి కొత్త చిరునామా వస్తుంది. సెకండరీని అడిగినవారికి పాతది వస్తుంది. కొందరు విద్యార్థులకు సైట్ తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. అప్‌గ్రేడ్ జరిగి వారం దాటింది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

దీనికి విరుగుడు లెక్కల్లోనే ఉంది. సీరియల్ నంబరు 32 బిట్లది. దాదాపు 429 కోట్లు దాటగానే గడియారపు ముల్లులా మళ్లీ సున్నాకు వస్తుంది. ఈ చక్రంలో ఒక నంబరు నుంచి ముందుకు సగం చుట్టు లోపల, అంటే దాదాపు 214 కోట్ల దూరంలోపల ఉన్నవన్నీ 'కొత్తవి'. మిగతావి 'పాతవి'. 202 కోట్ల నుంచి 175 కోట్లకు ముందుకు తిరిగి చేరాలంటే దాదాపు 402 కోట్ల దూరం, సగం చుట్టు కంటే ఎక్కువ. కాబట్టి రెండు అంగల్లో వెళ్లాలి. ముందు పాత నంబరుకు 2147483647 కలిపి, సెకండరీలన్నీ ఆ నకలు తీసుకునేదాకా ఆగాలి. అప్పుడు నంబరు దాదాపు 417 కోట్లు అవుతుంది. అక్కడి నుంచి 175 కోట్లకు దూరం 187 కోట్లే. ఇక సెకండరీలు దాన్ని కొత్తదిగానే స్వీకరిస్తాయి.

సంతకాలు, తాళాలు

డీఎన్‌ఎస్ జవాబును దారిలో ఎవరైనా మార్చేస్తే? దానికి అడ్డుకట్టగా వచ్చింది డీఎన్‌ఎస్‌సెక్. ఇందులో ప్రతి రికార్డుపైనా డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం చేసే తాళంచెవి గుర్తు పై మెట్టులో నమోదై ఉంటుంది. అన్నింటికంటే పైనున్న రూట్ జోన్‌పై 2010 జులై 15 నుంచి సంతకాలు ఉంటున్నాయి.

కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారేటప్పుడు రికార్డులను మాత్రమే తరలించి తాళంచెవులను వదిలేస్తే, కొత్త సర్వర్ కొత్త తాళంచెవులతో సంతకం చేయడం మొదలుపెడుతుంది. పై మెట్టులో ఉన్న గుర్తు మాత్రం పాతదే. సంతకాలను సరిచూసే సర్వర్లు ఆ జవాబును నకిలీగా భావించి తిరస్కరిస్తాయి. సరిచూడనివి యథాతథంగా అందిస్తాయి. ఒకే ఊళ్లో ఒక కంపెనీ ఇంటర్నెట్ వాడేవారికి సైట్ కనిపించి, మరో కంపెనీ వారికి కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రూట్ తాళంచెవి విషయంలో ప్రపంచం ఎంత నెమ్మదిగా అడుగు వేసిందో గమనించదగ్గది. దాన్ని మొదటిసారి 2017 అక్టోబర్ 11న మార్చాలనుకున్నారు. కొన్ని సర్వర్లకు కొత్త తాళంచెవి ఇంకా తెలియదని గణాంకాల్లో తేలడంతో ఐకాన్ సంస్థ దాన్ని వాయిదా వేసింది. సరిగ్గా ఏడాది తరువాత, 2018 అక్టోబర్ 11న మార్పు జరిగింది. తరువాతి మార్పుకు 2026 అక్టోబర్ 11ను తేదీగా నిర్ణయించారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లు కొత్త తాళంచెవిని తమంతట తామే నేర్చుకోగలవు. పాత సాఫ్ట్‌వేర్‌లో పాత తాళంచెవిని చేతితో రాసి మరిచిపోయినచోట ఆ రోజున పేర్లు పలకడం ఆగిపోతుంది.

అలాగే వదిలేస్తే?

ఇన్ని చిక్కులున్నప్పుడు నడుస్తున్నదాన్ని కదపకుండా ఉంటే పోలేదా అనిపించడం సహజం. దీనికి జవాబు 2008 జులై 8న దొరికింది. భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ కనిపెట్టిన ఒక లోపానికి ఆ రోజున పలు కంపెనీలు కలిసి ఒకేసారి సవరణలు విడుదల చేశాయి. అప్పటిదాకా ప్రశ్నను, జవాబును జతపరిచే ప్రధాన ఆధారం 16 బిట్ల నంబరు. అంటే 65,536 అవకాశాలు మాత్రమే. దొంగ జవాబులు కుప్పగా పంపుతూ ఆ నంబరును ఊహించి, బ్యాంకు పేరుకు తమ యంత్రం చిరునామాను సర్వర్ చేత నమ్మించడం దుండగులకు సాధ్యమయ్యేది. సవరణ తరువాత పోర్టు నంబరును కూడా యాదృచ్ఛికంగా మార్చడం మొదలైంది. దాంతో ఊహించడం వేల రెట్లు కష్టమైంది. ఆ సవరణ అందినది అప్‌గ్రేడ్ చేసుకున్నవారికే.

2024 ఫిబ్రవరిలో జర్మనీ పరిశోధకులు బయటపెట్టిన 'కీట్రాప్' మరో ఉదాహరణ. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక్క జవాబుతో సంతకాలు సరిచూసే సర్వర్‌ను అంతులేని లెక్కల్లో ముంచెత్తవచ్చని వారు చూపారు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు గంటల తరబడి స్తంభించిపోయేవి. బైండ్ 9.16కు ఆ ఏడాది ఏప్రిల్‌తో మద్దతు ముగిసింది. మద్దతు ముగిసిన వెర్షన్‌లో ఆ తరువాత బయటపడే లోపాలకు తయారీదారుల నుంచి సవరణ రాదు. సర్వర్ పైకి బాగానే నడుస్తుంటుంది, తలుపు గడియ మాత్రం ఊడిపోయి ఉంటుంది.

క్యాపిటల్ రిపేర్ పద్ధతి

సురక్షితమైన అప్‌గ్రేడ్ ఉక్కు కర్మాగారపు పద్ధతిలోనే సాగుతుంది. ఒకదాన్ని ఆపినప్పుడు మిగతావి నడుస్తుండాలి.

మొదటి మెట్టు వేచి ఉండడం. ప్రతి రికార్డుకూ 'ఎంతసేపు గుర్తుంచుకోవచ్చు' అన్న గడువు సెకన్లలో ఉంటుంది. 86,400 అంటే ఒక రోజు. అప్‌గ్రేడ్‌కు ముందే దాన్ని 300కు, అంటే 5 నిమిషాలకు తగ్గిస్తే తప్పు జరిగినా త్వరగా సరిదిద్దుకోవచ్చు. కానీ తగ్గించిన వెంటనే పని మొదలుపెట్టకూడదు. పాత గడువుతో జవాబు తీసుకున్నవారికి అది ముగిసేదాకా ఒక రోజు ఆగాలి.

రెండో మెట్టు బ్యాకప్. ఇందులో రికార్డులే కాకుండా తాళంచెవులు, కాన్ఫిగరేషన్, డేటాబేస్ అన్నీ ఉండాలి. ఆ బ్యాకప్ నుంచి సర్వర్‌ను మరో యంత్రంలో నిలబెట్టి చూసినప్పుడే దాన్ని నమ్మవచ్చు.

మూడో మెట్టు పోల్చిచూడడం. పాత సర్వర్‌ను, కొత్త సర్వర్‌ను ఒకే ప్రశ్నలు అడిగి జవాబులు సరిపోలుతున్నాయో లేదో చూడాలి. పెద్ద జవాబులను ప్రత్యేకంగా పరీక్షించాలి. 2020 అక్టోబర్ 1 నాటి 'డీఎన్‌ఎస్ ఫ్లాగ్ డే' తరువాత చాలా సాఫ్ట్‌వేర్‌లు యూడీపీలో 1,232 బైట్లకు మించిన జవాబులను టీసీపీ దారిలో పంపడం అలవాటు చేసుకున్నాయి. ఫైర్‌వాల్ ఆ దారిని మూసి ఉంచితే చిన్న జవాబులు వస్తాయి, సంతకాలున్న పెద్దవి రావు.

నాలుగో మెట్టు వరుస. ముందుగా ఒక సెకండరీని అప్‌గ్రేడ్ చేసి కొన్ని రోజులు గమనించాలి. తరువాత మిగతా సెకండరీలు, ప్రైమరీ చివరికి. అన్ని సర్వర్లనూ ఒకే రాత్రి మార్చడమంటే ఫర్నేస్‌లన్నింటినీ ఒకేసారి ఆపడమే.

ఇదంతా యంత్రాలకే అప్పగిస్తే పొరపాట్లు ఉండవా అంటే, అదీ కాదు. 2025 అక్టోబర్ 20న, మనకు దీపావళి రోజు మధ్యాహ్నం, అమెజాన్ క్లౌడ్‌లోని ఒక డేటాబేస్ సేవకు సంబంధించిన డీఎన్‌ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. రికార్డులను వాటంతట అవే సవరించే రెండు ప్రోగ్రామ్‌లలో ఒకటి ఆలస్యమై, కొత్త ప్రణాళికపై పాతదాన్ని అమలుచేసింది. రెండోది 'పాతది కదా' అని దాన్ని తుడిచేసింది. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సేవలు గంటల తరబడి నిలిచిపోయాయి.

రేపటి పేర్లు

మన దేశపు డొమైన్‌కు తెలుగు లిపిలోనూ రూపముంది, అదే '.భారత్'. అయితే డీఎన్‌ఎస్ లోపల తెలుగు అక్షరాలు అలాగే ప్రయాణించవు. 'ప్యూనీకోడ్' అనే పద్ధతిలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల గొలుసుగా మారి వెళతాయి. నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఆ గొలుసును మాత్రమే చూపిస్తే పనిచేసే మనిషికి అది ఏ పేరో అర్థం కాదు. తెలుగులోనే చూపిస్తే పొరపాటు ఇట్టే కనిపిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునే సంస్థలు ఈ ఒక్క విషయాన్ని పరీక్షించి చూసుకోవడం మంచిది.

అప్‌గ్రేడ్ బాగా జరిగితే బయటివారికి ఏ తేడా తెలియదు. భిలాయ్‌లో విద్యార్థి కాలేజీ సైట్ తెరుస్తాడు, శ్రీకాకుళంలో ఉన్న తల్లి అతడి ఫీజు కడుతుంది. మధ్యలో ఒక సర్వర్ ఆగి, మరొకటి ఆ పని అందుకున్న సంగతి వారిద్దరికీ తెలియనక్కర్లేదు.